అప్‌డేట్: ఫైర్‌ఫాక్స్ పాత వెర్షన్‌కి వెళ్లాను, బుక్‌మార్కులు కూడా దొరికాయి

పోయిన వారం అడిగాను కదా, ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్‌లో నా తెలుగు టైపింగ్ యాడ్‌ఆన్ పనిచేయట్లేదు, వెనక్కి ఎలా వెళ్లాలని. పని అయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పాత వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి తెరవగానే కొత్త ప్రొఫైల్ (మన బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఉండే ఫోల్డర్) సృష్టించుకోమంది. లోపల ఒక్క బుక్‌మార్క్ లేదు, పాస్‌వర్డ్‌లు లేవు. చాలా టెన్షన్ పడ్డాను. నిజానికి ఏదీ పోలేదు. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ని పాతది తెరిస్తే డేటా పాడవ్వచ్చని, 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఇలా అడ్డుకుంటోంది. పాత ప్రొఫైల్ ఫోల్డర్ అలాగే ఉంది.

అందులోని బుక్‌మార్క్‌బ్యాకప్స్ అనే ఫోల్డర్ నుంచి తాజా ఫైల్‌ని రీస్టోర్ చేశాను. పాస్‌వర్డ్‌ల కోసం ఫైర్‌ఫాక్స్ మూసేసి లాగిన్స్.జేసన్ (logins.json), కీ4.డీబీ (key4.db) ఫైళ్లు రెండూ కొత్త ప్రొఫైల్‌లోకి కాపీ చేశాను. పాస్‌వర్డ్‌లను తెరిచే తాళంచెవి రెండో దాంట్లోనే ఉంటుంది, ఒక్కటే తెస్తే లాభం లేదు.

పాత వెర్షన్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు కాబట్టి బ్యాంకు పనులకు దాన్ని వాడట్లేదు. యాడ్‌ఆన్ తయారుచేసినవాళ్లకి రాశాను, సరిచేస్తామన్నారు. అది రాగానే మళ్లీ కొత్తదానికే మారతాను.