నాన్నకు ఇంప్లాంటా, బ్రిడ్జా?

బెజవాడ_అబ్బాయి: నాన్నకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను ఒకటి తీసేశారు. సూర్యారావుపేటలో చూపిస్తే ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దించి పెట్టే పన్ను) అన్నారు. బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో పెట్టే కట్టుడు పన్ను) చాలదా?

అరండల్‌పేట_అక్క: ఇంప్లాంట్ వద్దు తమ్ముడూ. మా అత్తయ్యకు గుంటూరులోనే వేయించాం. జీవితాంతం ఉంటుందన్నారు. మూడేళ్లకు ఊడింది.

కృష్ణలంక_డెంటల్: ఒక్క కేసుతో తేల్చేయకండి మేడమ్. బ్రిడ్జి వేయాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్‌కి ఆ అవసరం లేదు. టైటానియం స్క్రూను ఎముక పట్టుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆగి, పైన క్యాప్ పెడతారు. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1965లో ఒక పేషెంటుకు వేసినవి ఆ పేషెంటు చనిపోయేదాకా, అంటే 40 ఏళ్లు పైనే పనిచేశాయి. షుగర్ అదుపులో ఉంటే వేయొచ్చు.

అరండల్‌పేట_అక్క: స్వీడన్ సంగతి సరే. జీవితాంతం అని చెప్పడం తప్పా కాదా?

తెనాలి_మాస్టారు: అమ్మా, అత్తగారు దాన్ని ఎలా శుభ్రం చేసుకునేవారు?

అరండల్‌పేట_అక్క: అంటే తప్పు ఆవిడదేనా? ఆవిడ రెండు పూటలా బ్రష్ చేసేది!

సిగరెట్_మానేశా: పొగ తాగేవాళ్లకు ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. నాన్నగారికి అలవాటుందా?

కృష్ణలంక_డెంటల్: బ్రష్ ఒక్కటే చాలదు మేడమ్. ఇంప్లాంట్ పుచ్చిపోదు కానీ చుట్టూ చిగురుకి జబ్బు వస్తుంది, కింద ఎముక కరుగుతుంది. చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. చిగురు వాచినా, రక్తం వచ్చినా అప్పుడే చూపించాలి. ఊగేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పళ్ల సందుల్లో తిప్పే సన్న బ్రష్ రోజూ వాడాలి, ఆర్నెల్లకోసారి చెకప్ ఉండాలి.

అరండల్‌పేట_అక్క: ఇప్పుడు మీరు చెప్పిన ఈ మాటల్లో ఒక్కటైనా ఆవేళ మాకు చెప్పారా? రక్తం వస్తోందని ఆవిడ అంటూనే ఉంది, మామూలే అనుకున్నాం. క్యాప్ పెట్టి డబ్బు కట్టించుకున్నాక ఒక్క ఫోన్ లేదు. నా కోపం స్క్రూ మీద కాదు డాక్టరుగారూ.

కృష్ణలంక_డెంటల్: అది మాత్రం మీరన్నదే నిజం. వేసినవాళ్లే చూపించి నేర్పాలి, చెకప్‌కి పిలవాలి.

బెజవాడ_అబ్బాయి: నాన్న అవనిగడ్డ దగ్గర ఒక్కరే ఉంటారు. డబ్బు నేను పెట్టగలను. ఆర్నెల్లకోసారి తీసుకొచ్చేదెవరు? అన్నయ్య హైదరాబాద్‌లో, నేను షిఫ్టుల్లో.

తెనాలి_మాస్టారు: బ్రిడ్జి వేసినా దాని కింద రోజూ శుభ్రం చేయాల్సిందే బాబూ. చెకప్ దానికీ తప్పదు.

అరండల్‌పేట_అక్క: అయితే ముందు అన్నయ్యతో మాట్లాడు తమ్ముడూ. అవనిగడ్డ నుంచి తీసుకొచ్చేది ఎవరో తేలాకే అడ్వాన్స్ కట్టు.