వడుగర్, జెంటూ, కెలింగ్... మనకి ఇన్ని పేర్లు ఎవరు పెట్టారు?

కృష్ణలంక కుర్రాడు:
మా అక్కని మదురై ఇచ్చాం. బావవాళ్లది ఎప్పుడో తాతముత్తాతల నాడు అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాకపోతే మనకి సగమే అర్థమవుద్ది. మొన్న అక్కడ పెళ్లికి వెళ్తే ఒక తమిళ పెద్దాయన మమ్మల్ని చూపించి పక్కాయనతో "వడుగర్" అన్నాడు. తిట్టాడో మామూలుగా అన్నాడో తెలీలేదు, బావని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అసలు తెలుగువాళ్లు, ఆంధ్రులు అని మనకే రెండు పేర్లు ఎందుకున్నాయి? త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందని బళ్లో చెప్పారు, అంతవరకే నాకు తెలుసు. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు బాబూ.

బ్రాడీపేట 4/14:
తిట్టేం కాదు తమ్ముడూ. తమిళంలో వడక్కు అంటే ఉత్తరం, వడుగర్ అంటే ఉత్తరాన ఉండేవాళ్లు. సంగం కాలం పద్యాల్లోనే, అంటే బాగా పాత తమిళ సాహిత్యంలోనే, ఈ మాట ఉంది. నీలగిరుల్లో బడగలు ఉన్నారు కదా, వాళ్ల పేరూ ఇదే, కన్నడంలో వకారం బకారమైంది. తమాషా ఏంటంటే, తెనుగు అన్న మాటకి 'తెన్', అంటే దక్షిణం, మూలమని చెప్పే పండితులున్నారు. అదే నిజమైతే మన లెక్కలో మనం దక్షిణాదివాళ్లం, మదురై వాళ్లకేమో ఉత్తరాదివాళ్లం!

త్రిలింగం అంటే శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం. వినడానికి బాగుంటుంది గానీ, అప్పటికే ఉన్న దేశి మాటకి పండితులు తర్వాత తొడిగిన సంస్కృతం చొక్కా అని చాలామంది భాషావేత్తల మాట. నా ఓటూ దానికే.

ఆంధ్ర సంగతి వేరు, అది మొదట భాష పేరు కాదు, జనం పేరు. ఐతరేయ బ్రాహ్మణం అనే వేదకాలపు గ్రంథంలో విశ్వామిత్రుడు శునశ్శేపుణ్ణి కొడుకుగా తెచ్చుకుంటే పెద్ద కొడుకులు యాభైమంది ఒప్పుకోలేదు, ఆయన శపించాడు, వాళ్ల సంతతే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని ఉంది. అశోకుడి 13వ శిలాశాసనంలోనూ ఆంధ్రులున్నారు.

సత్తెనపల్లి రోడ్డు:
అంటే మన గురించి దొరికే మొదటి ముక్కే శాపమా? బాగుంది. పైగా శాతవాహనుల్ని ఆంధ్రులు అన్నది పురాణాలు, వాళ్ల శాసనాల్లో వాళ్లు అలా రాసుకోలేదు. ఇది మనవాళ్లకి చెప్తే కొట్టడానికొస్తారు.

ఇంగ్లీషువాళ్ల ముచ్చట కూడా వినండి. పోర్చుగీసులు ముస్లింల్ని మూర్లు అనీ, హిందువుల్ని 'జెంతియో' అనీ పిలిచారు, అంటే అన్యమతస్థులు అని. అదే జెంటూ అయ్యి, మద్రాసులో తెలుగువాళ్లకీ తెలుగు భాషకీ అతుక్కుపోయింది. 1816లో క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి తన తెలుగు వ్యాకరణానికి తెలుగు అనే పేరు పెట్టి, మామూలుగా జెంటూ అంటారని పక్కన చేర్చాడు. మరుసటేడు విలియం బ్రౌన్ వేసిన వ్యాకరణం మీద మళ్లీ జెంటూనే. ఎవడో మతం లెక్కలు కట్టుకుంటూ పెట్టిన పేరు మన భాషకి పేరైపోవడం నాకైతే వడుగర్ కంటే ఎక్కువ మండుతుంది.

పెనాంగ్‌లో గుంటూరోడు:
ఇక్కడ పాత మసీదు ఒకటుంది, కపితాన్ కెలింగ్ మసీదు అంటారు. కెలింగ్ అంటే కళింగం నుంచి వచ్చిందని చెప్తారు. మన తీరం నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్లకి పడ్డ పేరు, తర్వాత దక్షిణ భారతీయులందరికీ పాకింది. ఒకప్పుడు మామూలు మాటే. ఇప్పుడు మలేషియాలో మనిషి మొహం మీద అంటే బూతుతో సమానం, గొడవలైపోతాయి. మసీదు పేరు మాత్రం అలాగే ఉంది. బర్మాలో మనవాళ్లని కోరంగీలు అనేవాళ్లు, కాకినాడ పక్క కోరంగి రేవులో ఓడెక్కారు కాబట్టి. రేవు పేరే జాతి పేరైంది. కాబట్టి తమ్ముడూ, మాట ఒక్కటే చూడకు, ఏ దేశంలో, ఏ గొంతుతో అన్నాడో చూడు.

బ్రాడీపేట 4/14:
అంత దూరం ఎందుకండీ, హైదరాబాదులో "ఆంధ్రోళ్లు" అంటే ఒక గొంతు, బెజవాడలో "మేం ఆంధ్రావాళ్లం" అంటే ఇంకో గొంతు. మా కర్నూలు వియ్యంకుణ్ణి ఆంధ్రావాళ్లు అనండి, "సీమవాళ్లం సార్" అని వెంటనే దిద్దుతాడు.

కృష్ణలంక కుర్రాడు:
థాంక్స్ అందరికీ. బావకి ఫోన్ చేశా, ఆ పెద్దాయన "అమ్మాయి తరఫు వడుగర్, వాళ్లకి ముందు భోజనం పెట్టండి" అన్నాడట. త్రిలింగం సంగతి మాత్రం మా నాన్న దగ్గర ఎత్తను, ద్రాక్షారామం అంటే ఆయనకి ప్రాణం.