మంచు పడే ఊళ్లో ఇంటి మీద సోలార్ దండగేనా?

కావలి మిద్దె:
మా పెద్దోడు కెనడాలో, ఎడ్మంటన్‌లో ఇల్లు కొన్నాడు. ఇప్పుడు కప్పు మీద సోలార్ పెట్టిస్తాడంట. జనవరిలో మైనస్ ముప్పై. వీడియో కాల్‌లో చూస్తే వాకిట్లో కారే కనపడదు, మంచు కప్పేసి ఉంటుంది. నేనిక్కడ సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టించా, 78 వేలు సబ్సిడీ వచ్చింది, మే నెలలో ఏసీ వేసినా బిల్లు టెన్షన్ లేదు. మన ఎండ వేరు కదా! తెలిసినవాళ్లు చెబితే వాడికి నచ్చజెప్పుకుంటా.

ఒంగోలు వైరింగ్:
సార్, ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి. ఆపైన డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మన మిద్దెల మీద ప్యానెల్ 65 దాకా కాగుతుంది, చెయ్యి పెట్టలేం. పదమూడు, పద్నాలుగు శాతం అక్కడే పాయె. చలి దేశంలో ఆ బాధ లేదు. కాకపోతే చలికి వోల్టేజీ పెరుగుతుంది. వరసకి ఎన్ని ప్యానెళ్లు కలపాలో ఆ ఊరి చలిని బట్టి లెక్కెయ్యాలి, లేకుంటే ఇన్వర్టర్ కాలిపోద్ది.

బుచ్చి టు ఎడ్మంటన్:
బాబాయ్, నేనుండేది ఆ ఊళ్లోనే. ఇక్కడ కిలోవాట్‌కి ఏడాదికి 1,200 యూనిట్ల పైమాటే. మన నెల్లూరు వైపు 1,400, 1,500 అనుకుందాం. మీరనుకున్నంత తేడా లేదు. జర్మనీలో ఇంతకన్నా తక్కువ, అయినా వాళ్లు పెట్టుకుంటూనే ఉన్నారు.

చిక్కల్లా కాలంతోనే. జూన్‌లో ఐదింటికే తెల్లారి, రాత్రి పది దాటాక పొద్దు గూకుతుంది. డిసెంబర్‌లో పగలు ఏడున్నర గంటలే. మధ్యాహ్నం కూడా సూర్యుడు ఎదురింటి కప్పు దాటి పైకి రాడు. మనకి వాయుగుండం పట్టిన వారం ఎలా ఉంటుందో, ఇక్కడ కరెంటు లెక్కలో ఆ రెండు మూడు నెలలూ అలాగే.

మంచు గురించి అంత భయం అక్కర్లేదు. ఇక్కడి నెయిట్ కాలేజీ వాళ్లు ప్యానెళ్లు పెట్టి ఏళ్ల తరబడి కొలిచారు. బాగా పడుకోబెట్టిన వాటికే మంచు వల్ల ఏడాదికి ఐదు శాతం దగ్గర నష్టం, వాలు పెంచేకొద్దీ ఇంకా తక్కువ. ఎలాగూ మంచు పడే నెలల్లో వచ్చేదే కొంచెం కదా. వేసవిలో మిగిలింది గ్రిడ్‌కిస్తే బిల్లులో జమ వేస్తారు. వేసవిలో మనమిచ్చే కరెంటుకి ఎక్కువ రేటు, చలికాలంలో మనం కొనేదానికి తక్కువ రేటు పడేలా మార్చుకునే ప్లాన్లున్నాయి, అబ్బాయిని ముందు అవి కనుక్కోమనండి. ఇంకోటి, ఇక్కడ ఇళ్లు వెచ్చబెట్టేది ఎక్కువగా గ్యాస్‌తో. ఆ బిల్లు సోలార్‌తో తగ్గదు.

కావలి మిద్దె:
మంచిదయ్యా. ఇంటి కప్పు తూర్పు పడమరలకి వాలి ఉందంట. దక్షిణానికి గరాజ్ కప్పుంది గానీ, దాని ముందే పెద్ద స్ప్రూస్ చెట్టు.

బుచ్చి టు ఎడ్మంటన్:
స్ప్రూస్ అయితే గరాజ్ వద్దు బాబాయ్. చలికాలంలోనూ ఆకు రాలదు, సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి నీడ బారెడు పడుతుంది. తూర్పు పడమరల మీదే వేయించమనండి, దక్షిణమంత రాకపోయినా నిలకడగా వస్తుంది.