పొదుగువాపు ట్యూబులు చీటీ లేకుండా అమ్మాలా, వద్దా?

కృష్ణాతీరం: మా మండలంలో మందుల షాపులవాళ్లు డాక్టరు చీటీ లేనిదే పశువుల యాంటీబయాటిక్ ఇవ్వమంటున్నారు. రూలు పాతదే, పట్టుబట్టడమే కొత్త. మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా పెరుగుతోందని కారణం చెబుతున్నారు. మీరేమంటారు?

పాడిగేదె_తెనాలి: రాత్రి తొమ్మిదింటికి చన్ను రాయిలా గట్టిపడి, దూడ మూతి పెడితే గేదె తంతుంటే చీటీ కోసం ఎక్కడికి పోవాలి? మా ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీ. షాపులో యాంటీబయాటిక్ ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కిస్తాం, తగ్గుద్ది. మా నాన్న కాలం నుంచీ ఇంతే.

రిటైర్డ్_వెట్: తగ్గేది వాపు. పొదుగువాపు తెచ్చే స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా పొదుగులో గడ్డలు కట్టి, కణాల్లోపల నక్కి ఉంటుంది. మందు అక్కడిదాకా సరిగా చేరదు, కొన్నాళ్లకి మళ్లీ తిరగబెడుతుంది. అరకొరగా మందు పడ్డప్పుడల్లా తట్టుకున్నవే మిగులుతాయి. మందుని తట్టుకునే మెక్-ఎ జన్యువున్న రకమైతే పెన్సిలిన్, క్లాక్సాసిలిన్ రెండూ దండగే. ఏది పనిచేస్తుందో పాలు ల్యాబుకి పంపితేనే తెలిసేది.

నాని_బీటెక్: పాలు కాచుకునే తాగుతాం కదా. ఎందుకీ గొడవ?

రిటైర్డ్_వెట్: కాస్తే బ్యాక్టీరియా చస్తుంది. అది అప్పటికే పాలలో వదిలిన విషం మరిగించినా పోదు. మందు అవశేషాలూ పూర్తిగా పోవు. పైగా పితికే చేతులకి కూడా అంటుతుంది.

నాని_బీటెక్: అంటే కాస్తే చస్తుందని మీరే అన్నారు. 🙂

లాబ్రడార్_అమ్మ: మా కుక్కకి పొట్ట మీద చీముపొక్కులు. ఒక క్లినిక్‌లో మందు మార్చి మార్చి సూదులు వేశారు. వేరేచోట చీము ల్యాబులో కల్చర్ చేయిస్తే స్టాఫ్ సూడింటర్మీడియస్ అనే ఇంకో స్టాఫ్, అదీ మందులకు లొంగని మొండిరకం. మూలం అలర్జీ అట. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి, పది నిమిషాలు ఉంచి కడిగితే దారికొచ్చింది. అక్కడ ప్రతిసారీ చీటీ ఉంది మరి! రాసేవాళ్లే అలా రాస్తే?

పాడిగేదె_తెనాలి: అదీ, అలా అడగండమ్మా.

సిద్దిపేట_మల్లన్న: ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) వాళ్లు చెప్పినట్టు కలబంద, పసుపు, సున్నం నూరి పొదుగుకు పూస్తున్నం. మొదట్లనే పట్టుకుంటే మంచిగనే పనిచేస్తుంది అన్నా.

రిటైర్డ్_వెట్: మొదట్లో పూయండి. జ్వరమొచ్చి మేత మానేస్తే మాత్రం ఆగొద్దు. తెనాలి గారూ, సొంత వైద్యం వల్లే ఇదంతా...

పాడిగేదె_తెనాలి: అంతా రైతు నెత్తినే! 1961లో ఈ ఎంఆర్‌ఎస్‌ఏ, అదే మందులకు లొంగని స్టాఫ్ ఆరియస్, బయటపడింది ఇంగ్లండులో మనుషుల్లో, మా పాకలో కాదు. చీటీ మీద మీరేం రాస్తారో నాకు తెలుసులెండి. ‘పాలలోంచి మందు పోయే గడువు దాటేదాకా పాలు పోయొద్దు’ అని. పూటకి ఐదు లీటర్లు పారబోస్తే దాణా బాకీ మీరు కడతారా? మా పాల కేంద్రంలో వెన్న శాతం చూస్తారు, మందు సంగతి ఏనాడూ అడగలేదు.

రిటైర్డ్_వెట్: ఇంతసేపూ డాక్టరు దొరకడన్నారు. అసలు సంగతి ఇదా?

పాడిగేదె_తెనాలి: రెండూ. ఆ రోజుల డబ్బు కేంద్రం కట్టమనండి, చీటీ నేనే వచ్చి రాయించుకుంటా.

లాబ్రడార్_అమ్మ: కేంద్రం కడితే ధర మా మీద పడుతుంది. లీటరుకి రెండ్రూపాయలు పెరిగితేనే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో యుద్ధాలు.

నాని_బీటెక్: మా అమ్మ రెండు పొంగులు రానిస్తుంది. అయినా ఆ విషం పోదా?

రిటైర్డ్_వెట్: పోదు నానీ. తెనాలి గారూ, ఎంఆర్‌ఎస్‌ఏ మనుషుల్లో బయటపడిన మాట నిజమే. తర్వాత నెదర్లాండ్స్‌లో పందుల ఫారాల నుంచి ఎస్‌టీ 398 అనే ఎంఆర్‌ఎస్‌ఏ రకం పెంపకందారులకి ఎక్కింది, అదీ నిజమే. నష్టపరిహారం అడగండి, నేనూ సంతకం పెడతా. అది వచ్చేదాకా మందు పాలు పోస్తానంటే ఒప్పుకోను. ఈలోగా జబ్బు గేదెని చివర పితకండి, పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచండి, కాసేపు పడుకోనివ్వకండి. వీటికి చీటీ అక్కర్లేదు.

పాడిగేదె_తెనాలి: చివరే పితుకుతున్నాం, అయోడిన్ కూడా తెస్తా. పాలు మాత్రం రేపూ కేంద్రానికే పోతాయి.