కాలేజీలో సార్ ఇబ్బంది పెడుతుంటే ఎవరికి చెప్పాలి? తెలిసినవాళ్లు రాయండి

లంకపిల్ల:
నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు, నా ఉద్యోగం హైదరాబాదులో. మా చెల్లి ఊరికి దగ్గర్లోని టౌన్‌లో డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది. సంక్రాంతి సెలవులయ్యాక ల్యాబ్ సార్ ఒకాయన రికార్డు సంతకానికని సాయంత్రం పూట దీన్ని ఒక్కదాన్నే రమ్మనడం మొదలుపెట్టాడు. భుజం మీద చెయ్యి వేస్తాడు. రాత్రి పదకొండుకి "పడుకున్నావా" అని వాట్సాప్‌లో మెసేజ్. పోయిన వారం తలుపు దగ్గరికి వేసి చెయ్యి పట్టుకున్నాడట. డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ)కి చెబితే "రికార్డు అయ్యేదాకా సర్దుకుపో అమ్మా, ఇంటర్నల్స్ ఆయన చేతిలో ఉన్నాయి" అన్నారు.

ఉగాదికి ఇంటికి వెళ్తే, పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పెరట్లోకి తీసుకెళ్లి అడిగితే అప్పుడు చెప్పింది. నాన్నకి తెలిస్తే చదువు మాన్పించి సంబంధం చూసేస్తారని దాని భయం. దాని తరఫున నేనే ఫిర్యాదు పెట్టొచ్చా? ఎక్కడ పెట్టాలి?

కాలవగట్టు:
అమ్మా, నేను ఒక కాలేజీలో లెక్చరర్‌ని. మూడేళ్లు ఇలాంటి ఫిర్యాదులు వినే కమిటీలో పనిచేశాను. ముందుగా, హెచ్‌ఓడీకి నోటితో చెప్పిన మాట ఫిర్యాదు కింద లెక్కకు రాదు. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందరూ ఐసీసీ అంటాం. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం, దాని మీద యూనివర్సిటీలను, కాలేజీలను చూసే యూజీసీ చేసిన 2015 నిబంధనలు దీనికి ఆధారం. అధ్యక్షురాలు సీనియర్ మహిళ అయి ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. విషయం విద్యార్థులదైతే విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. హెచ్‌ఓడీలు, డీన్లు అసలు ఆ కమిటీలో ఉండకూడదు. మీ చెల్లిని సర్దుకుపొమ్మన్న పెద్దమనిషికి ఆ మాట అనే అధికారమే లేదు.

జరిగిన 3 నెలల్లోపు రాసి ఇవ్వాలి. వరసగా జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వగలదు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. విచారణ 90 రోజుల్లో ముగించాలి.

అక్కగా మీరు సంతకం పెట్టడం కుదరదు. బాధితురాలు శారీరకంగానో మానసికంగానో రాయలేని స్థితిలో ఉంటేనే బంధువులు, స్నేహితులు పెట్టొచ్చు. తను చెప్పగలదు కాబట్టి తన చేతే రాయించండి. మీరు పక్కన కూర్చోండి, చాలు. తేదీ, వేళ, గది, ఆ రోజు ఎవరు చూశారు, వీటికి ఒక్కో లైను. "అసభ్యంగా ప్రవర్తించారు" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. ఏం చేశాడో అదే రాయాలి. మా ముందుకు వచ్చిన కాగితాల్లో సగం ఈ సిగ్గు వల్లే బలహీనంగా ఉండేవి.

గౌతమి_పాయ:
పై సార్ చెప్పింది నా జీవితంలో నిజమైంది. 2019లో నేను పీజీ చేస్తున్నప్పుడు ప్రాజెక్టు గైడ్ వల్ల ఇలాగే జరిగింది. ప్రిన్సిపాల్ గదిలో గంటసేపు ఏడుస్తూ చెప్పాను. ఆయన కాఫీ ఇప్పించారు, "నేను చూసుకుంటాను తల్లీ" అన్నారు. పదిహేను రోజులకు ఆ గైడ్ అదే యాజమాన్యం నడిపే ఇంకో కాలేజీకి మారిపోయాడు. ఏడాది తర్వాత అక్కడ చదివే అమ్మాయి ఫోన్ చేసి "అక్కా, నీకూ జరిగిందట కదా, నీ దగ్గర కాగితం ఏదైనా ఉందా" అని అడిగింది. నా దగ్గర ఏమీ లేదు. ఆ "లేదు" అన్న మాట ఇప్పటికీ నన్ను పీకుతుంది.

అందుకే చెబుతున్నా. ఆఫీసులో వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్వర్డ్ రిజిస్టర్ ఉంటుంది. మీ కాపీ మీద ఆ నంబరు, తేదీ, సీలు వేయించుకునేదాకా కదలకండి. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో కమిటీ అధ్యక్షురాలి పేరున పంపి రసీదు దాచండి. చాట్‌లు డిలీట్ చేయొద్దు, నంబరు బ్లాక్ చేసే ముందే స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరికి పంపండి. ఫోన్ మాత్రం మార్చేయకండి, అసలు సాక్ష్యం అందులోనే ఉంది.

పాలకొల్లు_వాసి:
పరీక్షలయ్యాక పెడితే మంచిదేమోనండి. మార్కులు ఆయన చేతిలో ఉన్నప్పుడు కదిపితే పిల్లకే నష్టం కదా. సర్దుకోమని అనడం లేదు, భయమేసి అంటున్నాను.

కాలవగట్టు:
మీ భయం అర్థమైంది. కానీ దానికి దారి నిబంధనల్లోనే ఉంది. విచారణ నడుస్తుండగానే ఆ అమ్మాయి పేపర్లు, ప్రాక్టికల్స్ ఆయన దిద్దకుండా వేరేవాళ్లకు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయగలదు. దూరంగా ఉండమని హెచ్చరించవచ్చు, సెలవు కూడా ఇప్పించవచ్చు. ఇవన్నీ అదే ఫిర్యాదులో అడగాలి. మార్కుల భయమున్న పిల్ల పరీక్షలకు ముందే పెట్టాలి.

రావులపాలెం_లాయర్:
ఐసీసీకి ఇచ్చాం కదా అని పోలీసులకు వెళ్లకూడదని ఏమీ లేదు, రెండూ కలిపి నడవొచ్చు. తాకడం, కోరికలు తీర్చమనడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కిందికి వస్తాయి. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం 78. జీరో ఎఫ్‌ఐఆర్, అంటే ఘటన ఎక్కడ జరిగినా రాసుకునే కేసు, ఏ స్టేషన్‌లోనైనా పెట్టొచ్చు, సొంత టౌన్ స్టేషన్‌లో తెలిసినవాళ్లు చూస్తారనుకుంటే పక్క ఊరికి వెళ్లండి. ఇలాంటి కేసులో వాంగ్మూలం మహిళా అధికారే రాసుకోవాలి. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. లాయర్‌కు డబ్బు లేదనుకోవద్దు, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. తోడు కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181.

ఇంకో మాట. మన వైపు ఏ గొడవైనా పెద్దమనుషుల్లో పెట్టి తేల్చేద్దామంటారు. ఇది అలా తేల్చే విషయం కాదు. కమిటీ ముందు రాజీ అనేది అమ్మాయి తనంతట తాను అడిగితేనే, అదీ డబ్బు లేకుండా. "నిరూపించలేకపోతే నీ మీదే కేసు" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. నిరూపణ కాకపోవడం వేరు, అబద్ధమని తెలిసి పెట్టడం వేరు, చట్టం ఆ తేడా చూస్తుంది.

భీమవరం_బుజ్జి:
మా చిన్నాన్న కూతురి కాలేజీలో ఇబ్బంది పెట్టింది కరస్పాండెంటే. ఆయన వేసిన కమిటీకి ఎలా ఇస్తాం? యజమాని మీదే ఫిర్యాదైతే, లేదా సిబ్బంది పదిమంది కంటే తక్కువుంటే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, అక్కడ ఇవ్వాలి. 2022లో జిల్లాలు విడిపోయాక మాకు భీమవరంలోనే కలెక్టరేట్ ఉంది, కోనసీమవాళ్లకు అమలాపురంలో. మునుపైతే ఏలూరో కాకినాడో పోవాల్సి వచ్చేది.

కొబ్బరి_మట్ట:
నేను అబ్బాయిని. హాస్టల్లో సీనియర్ల వల్ల ఇలాంటిదే అయింది. మాకు వర్తిస్తుందా?

కాలవగట్టు:
వర్తిస్తుంది బాబూ. యూజీసీ నిబంధనలు మగపిల్లలనీ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులనీ కూడా గుర్తించాయి. ఐసీసీకి రాయి. నీకు 18 నిండకపోతే అది పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కిందికి వస్తుంది, అప్పుడు తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ముందు నువ్వు ఒక్కడివే ఆ గదిలో పడుకోకు. నాకు మెసేజ్ పెట్టు.

ఆచంట_అమ్మ:
లంకపిల్ల గారూ, మీ నాన్నగారి గురించి. మా అమ్మాయి విషయం మావారికి నేనే చెప్పాను. మాట్లాడకుండా చెరువు గట్టు మీదికి వెళ్లి చీకటి పడేదాకా కూర్చున్నారు. చదువు మాన్పిస్తారనే అనుకున్నాను. తెల్లారి కాలేజీకి చొక్కా ఇస్త్రీ చేయమన్నారు. అందరూ అలా ఉంటారని అనను. కానీ కాగితం ఇచ్చేశాక, తేదీ పడ్డాక, నాన్నకు చెప్పమనండి. అప్పటికి పిల్ల కాళ్ల మీద నిలబడి ఉంటుంది.

లంకపిల్ల:
అందరికీ రుణపడి ఉంటానండి. సెలవు పెట్టి వచ్చాను. ఆదివారం రాత్రంతా అదే రాసింది. మూడుసార్లు చించేసింది. నాలుగోసారి "తలుపు గడియ పెట్టలేదు, దగ్గరికి వేశాడు" అని కూడా రాసింది. పేపర్లు ఆయన దిద్దకూడదని చివర్లో అడిగాం. చట్టం నియమాల ప్రకారం ఆరు కాపీలు. సోమవారం ఆఫీసు క్లర్కు మొదట తీసుకోనన్నాడు, పోస్టులో పంపుతామంటే సీలు వేశాడు. బయటికి వచ్చాక చెల్లి ఆ నంబరు రెండుసార్లు పైకి చదివింది.

కమిటీ మేడం గురువారం రమ్మన్నారు. దాని ఫోన్ బీరువాలో పెట్టి నా పాత ఫోన్ ఇచ్చాను. నాన్నకు ఈ సాయంత్రం చెబుతాం.