అప్‌డేట్: పికప్‌కు గేర్‌బాక్సు ఎక్కింది, స్పీడోమీటరు మాత్రం కదలడం లేదు

నా పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సు కాలిపోయిందని, అదే ఇంజిన్ ఉన్న టూ వీల్ డ్రైవ్ బండి గేర్‌బాక్సు చవకగా దొరికిందని, దాని వెనుక ఉన్న పొడవాటి అవుట్‌పుట్ షాఫ్టు (శక్తిని బయటికి పంపే ఇరుసు) పొట్టిగా కోయించి బిగించవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను.

కోయించలేదు. విజయనగరంలో లేత్ పనిచేసే పెద్దాయన షాఫ్టు చేతిలోకి తీసుకుని, "బాబూ, పైపొరకే గట్టిదనం ఇచ్చి ఉంటారు. కోసి కొత్త పళ్లు తీస్తే లోపలి మెత్తని ఇనుమే మిగులుతుంది" అన్నారు. మీలో ఒకరు కాలిపోయిన పాత గేర్‌బాక్సును తుక్కుకు వేయవద్దని రాయడమే నన్ను కాపాడింది. అప్పటికే బేరం కుదిరింది!

క్లచ్ ప్లేట్లు మాడినా, పాతదాని పొట్టి అవుట్‌పుట్ షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) బిగించే అడాప్టరు చెక్కుచెదరలేదు. ఆ రెండూ కొత్తదానికి మార్చాం. షాఫ్టు వెనుక నుంచి ఊడిరాదు. గేర్‌బాక్సు మొత్తం విప్పాల్సిందే. ఎలాగూ విప్పాం కదా అని సీళ్లన్నీ మార్పించాను. పాత ఆయిల్ నల్లగా, మాడిన పోపు వాసన వేసింది. పొడవు మారలేదు కాబట్టి చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుల జోలికి పోనక్కర్లేకపోయింది.

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కించి చూశాం. లో రేంజిలోనూ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) జారలేదు. స్పీడోమీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది. బహుశా ట్రాన్స్‌ఫర్ కేసు మీది సెన్సారు వైరు సరిగ్గా కూర్చోలేదు. అంతవరకు మా తమ్ముడు పక్కన కూర్చుని ఫోనులో వేగం చూసి చెబుతున్నాడు.