హెడ్‌ఫోన్‌లో సౌండ్ ఏ ఫ్లాగ్‌షిప్‌లో బాగుంటుంది? ఎస్24, ఐఫోన్ 15, పిక్సెల్ 8

గోదారోడు:
ఇంకా ఎల్‌జీ వీ30 వాడుతున్నా, నవ్వకండి. 2017లో వచ్చిన ఫోన్, బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తోంది, కానీ జాక్‌లో వైరు ఇయర్‌ఫోన్ గుచ్చి పాత పాటలు వింటుంటే తబలా దెబ్బ దెబ్బా విడిగా వినిపిస్తుంది, అందుకే వదలబుద్ధి కావట్లేదు. ఇక మార్చక తప్పదు. గెలాక్సీ ఎస్24, ఐఫోన్ 15, పిక్సెల్ 8, ఈ మూడే చూస్తున్నా. కెమెరా ఎలా ఉన్నా ఫర్వాలేదు, నాకు కావాల్సింది సౌండ్. మా ఫ్రెండ్ ఐఫోన్‌లో, మా అన్నయ్య ఎస్24లో ఒకే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఒకే పాట విన్నా, ఐఫోన్‌లో గొంతు ముందుకొచ్చినట్టు అనిపించింది. అంటే ఐఫోన్ డాక్ (డిజిటల్ పాటని సౌండ్‌గా మార్చే చిప్) మంచిదనేనా?

ఓమ్‌లెక్క:
కాదండి. బ్లూటూత్‌లో విన్నప్పుడు ఫోన్ డాక్‌కి అసలు పనే లేదు. ఫోన్ పాటని కుదించి డిజిటల్‌గా పంపుతుంది, దాన్ని సౌండ్‌గా మార్చే డాక్, ఆ సౌండ్‌కి బలమిచ్చే ఆంప్ రెండూ ఇయర్‌బడ్స్ లోపలే ఉంటాయి. ముఖ్యంగా మారేది కోడెక్, అంటే పాటని కుదించే పద్ధతి. ఐఫోన్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప వేరేవి రావు. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డాక్ కూడా ఉంటుంది, అది 330, 660, 990 కేబీపీఎస్‌లలో (సెకనుకి అన్ని కిలోబిట్లు) నడుస్తుంది. 990 అని చూసి సంబరపడకండి, సీడీలో 1411 కేబీపీఎస్ ఉంటుంది, కాబట్టి ఇదీ కుదింపే. పైగా ఆటోలో వదిలేస్తే సిగ్నల్‌ని బట్టి అదే తగ్గించుకుంటుంది, రద్దీగా ఉన్న మెట్రోలో 990 నిలవడం కష్టం.

ఇంకో మాట, రెండు ఫోన్లలో వాల్యూమ్ సమానం చేసి విన్నారా? ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవి దాన్నే బాగుందంటుంది. రెండు ఫోన్లలోనూ గీత సగానికి పెట్టినంత మాత్రాన సౌండ్ సమానం అవ్వదు. నాకు తెలిసి 'ఈ ఫోన్‌లో సౌండ్ అదుర్స్' అనే పోలికల్లో చాలావరకు ఇదే జరుగుతుంది.

గోదారోడు:
సరే, అది చూడలేదు. కానీ నేను వినేది ఎక్కువగా వైరుతోనే. ఇంట్లో 300 ఓమ్స్ సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ కూడా ఉంది, దానికి వోల్టేజీ ఎక్కువ కావాలి.

వైర్‌బ్యాచ్:
బ్రో, అయితే ఫోన్ పేరు మర్చిపో, డాంగిల్ (టైప్-సీకి పెట్టి వైరు ఇయర్‌ఫోన్ గుచ్చుకునే చిన్న అడాప్టర్) పేరు చెప్పు. ఎస్ సిరీస్‌లో జాక్ ఉన్న ఆఖరి ఫోన్లు 2019 నాటి ఎస్10లు, ఐఫోన్‌లో 2016లో ఐఫోన్ 7తోనే పోయింది. నువ్వు చెప్పిన మూడూ టైప్-సీ నుంచి డిజిటల్‌గానే ఇస్తాయి, డాక్ డాంగిల్‌లో ఉంటుంది. ఒకే డాంగిల్ మూడింటికీ పెట్టి వాల్యూమ్ సమానం చేస్తే ఏది ఏదో నువ్వు చెప్పలేవు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. మార్కెట్లో దొరికే అతి చవక డాంగిల్స్‌లో కొన్నిటికి లోపల డాక్ ఉండదు, వట్టి వైర్లే, ఇవి ఈ ఫోన్లలో పలకవు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో ఒక కొట్టువాడు నాకు ఇలాంటిదే అంటగట్టి, ఫోన్‌లోనే ప్రాబ్లం అని వాదించాడు. యాపిల్ టైప్-సీ డాంగిల్ చిన్నదైనా చాలా శుభ్రంగా పలుకుతుంది, కాకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దానికి పూర్తి వాల్యూమ్ రాదు. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌తో సరిచేసుకోవచ్చు, కానీ అది ఆ యాప్‌లో పాటలకే, యూట్యూబ్‌కి మళ్లీ మామూలే. హెచ్‌డీ 600కి ఆ యాపిల్ డాంగిల్ చాలదు, ఫియో కేఏ11 లాంటి పవర్ ఎక్కువున్న డాంగిల్ చూడు.

వీ20_భక్తుడు:
అందరూ డాంగిల్ డాంగిల్ అంటున్నారు గానీ, జేబులో వేలాడే ఆ తోక వారానికోసారి ఎక్కడో ఒకచోట మర్చిపోతాం, ఛార్జింగ్ పెడితే పాట ఆపాలి. వీ30లో ఈఎస్ఎస్ కంపెనీ క్వాడ్ డాక్ (నాలుగు డాక్‌లు కలిపిన చిప్) ఊరికే పేరు తెచ్చుకోలేదు. ఇంకో సంగతి, అది 50 ఓమ్స్ దాటిన హెడ్‌ఫోన్ పెడితేనే వోల్టేజీ పెంచుతుంది. కొందరు ముందు ఎక్స్‌టెన్షన్ వైరుతో పెద్ద హెడ్‌ఫోన్ గుచ్చి, వైరు తియ్యకుండా చివర్లో ఇయర్‌ఫోన్‌కి మార్చేవాళ్లు, అలా ఫోన్ ఆ ఎక్కువ వోల్టేజీ మోడ్‌లోనే ఉండిపోయేది. చిన్న ఇయర్‌ఫోన్‌తో ఇలా చేస్తే ముందు వాల్యూమ్ తగ్గించు, లేకపోతే చెవులకి ప్రమాదం. ఎల్‌జీ 2021లో మొబైళ్లు మానేసింది, సోనీ ఎక్స్‌పీరియా 1 వరసలో జాక్ ఉన్నా ఇండియాలో అమ్మట్లేదు. నా సలహా, వీ30కి బ్యాటరీ మార్పించి పాటలకే ఉంచుకో.

ఓమ్‌లెక్క:
ఆ సలహాకి నేనూ ఓకే, మంచి బ్యాటరీ దొరికితే. అయితే చిన్న ఇయర్‌ఫోన్‌లో వీ30కీ మంచి డాంగిల్‌కీ తేడా కళ్లు మూసుకుని చెప్పగలనంటే మాత్రం నమ్మను.

గోదారోడు:
బ్యాటరీ మార్పిస్తా, ఫోన్ ఎస్24 తీసుకుంటా. యాప్ నుంచి పాటలు వింటే ఆండ్రాయిడ్ పాట శాంపిల్ రేటుని (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలిచారనే లెక్క) 48 కిలోహెర్ట్జ్‌కి మార్చేస్తుందంటారు, అది నిజమేనా?

వైర్‌బ్యాచ్:
ఆండ్రాయిడ్ మిక్సర్ (అన్ని యాప్‌ల సౌండ్‌ని కలిపే భాగం) సాధారణంగా అలాగే చేస్తుంది, ఇందాకటి యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో దాన్ని తప్పించుకుంటుంది. ఐఫోన్‌లో యాపిల్ మ్యూజిక్ లాస్‌లెస్ (నాణ్యత పోకుండా కుదించిన పాట) పెడితే పాట రేటుకి తగ్గట్టు డాంగిల్ మారుతుంది. నా చెవికైతే తేడా తెలీదు. దానికంటే డాంగిల్ కొనేటప్పుడు ఒక కాల్ చేసి చూడు, కొన్నిటిలో మైక్ పనిచెయ్యదు.